రాజధాని లేని దేశానికి పది రోజుల సెలవు

నాకు కోపం ఎక్కువని మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. చాలాకాలం ఆ కోపం చేపల పులుసు గురించే వచ్చేది.

మా స్కూలు కువైట్‌లో, సల్వా అనే పేటలో ఉంది. పెద్ద పిల్లలకి సోషల్ చెప్తాను. పుట్టింది కోనసీమలో కాబట్టి, వారానికి రెండుసార్లయినా చేప తినకపోతే నాకు అన్నం తిన్నట్టుండదు. ఇక్కడ జుబైదీ అనే చందువా చేపకి మామిడికాయ వేసి పులుసు పెట్టి, డబ్బాలో తెచ్చుకుని మైక్రోవేవ్‌లో వేడి చేసేసరికి ఒకావిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునేది, ఇంకొకావిడ గులాబీ వాసన స్ప్రే కొట్టేది, మూడో ఆవిడ లేచి కిటికీ తీసేది. బయటంతా దుమ్ము గాలి. అది పిల్లల పుస్తకాల మీదా మా టీ కప్పుల్లోనూ వచ్చి కూర్చునేది. దుమ్ము తాగడానికి అభ్యంతరం లేనివాళ్ళకి నా పులుసు వాసన మాత్రం పడేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన టీచరొకామె నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. డబ్బాలోకి తొంగి చూసి, "తలకాయ ఎవరు తింటారు?" అని అడిగింది. ఆ గదిలో తలకాయ సంగతి ఎత్తిన మనిషి ఆవిడే మొదలు. సగం ఇచ్చాను. ఒక్క ముల్లు వదలకుండా చీకి, వేళ్ళు నాక్కుని, మర్నాడు నాకు కొబ్బరిపాలతో వండిన చేప తెచ్చింది. అలా మా స్నేహం కుదిరింది.

ఆవిడ చంటిపిల్లల క్లాసు టీచరు. నాకంటే పొడుగు, నాకంటే లావు. నవ్వితే పక్క గదిలోకి వినిపించేది. పాస్‌పోర్టు న్యూజిలాండ్‌ది కాబట్టి స్టాఫంతా 'న్యూజిలాండ్ మేడం' అనేవారు, అక్కడి గొర్రెల గురించి అడిగేవారు. తోచిన జవాబేదో చెప్పి ఊరుకునేది. ఒకరోజు మా కాలనీ సూపర్‌మార్కెట్లో, అంటే జమియాలో, ఇద్దరం కొబ్బరికాయలు ఏరుతున్నాం. నేను కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి నీళ్ళు చూస్తున్నాను. పక్కకి తిరిగితే ఆవిడా అదే పని చేస్తోంది.

"గొర్రెల దేశంలో కొబ్బరికాయ ఎంచడం ఎవరు నేర్పారు నీకు?" అని వేళాకోళమాడాను.

"నాది గొర్రెల దేశం కాదు. టోకెలావు," అంది.

ఆ పేరు అట్లాసులో చూసి ఉన్నాను. పసిఫిక్ మహాసముద్రం నీలం మీద మూడు చుక్కలు, అంతే. మర్నాడు భోజనాల దగ్గర ఆవిడ నా డబ్బా మూత మీద చేపముళ్ళని గుండ్రంగా పేర్చి చూపించింది. "ఇదీ మా నేల. మధ్యలో ఉప్పునీళ్ళ మడుగు, చుట్టూ సముద్రం. మడుగు ఒడ్డున నిలబడి కేకేస్తే సముద్రం ఒడ్డున పలుకుతారు, అంత సన్నం." గాజుల్లాంటి అలాంటి దీవులు మూడు: అటాఫు, నుకునోను, ఫకావొఫో. ఆవిడది అటాఫు. కొండ లేదు, ఏరు లేదు, తాగేది వాననీరు. ఒక దీవి నుంచి ఇంకో దీవి కనపడదు. విమానం దిగే చోటు లేదు. ఓడ ఆగే రేవు కూడా లేదు. సమోవా దేశం నుంచి బయల్దేరిన ఓడ ఒక పగలూ ఒక రాత్రీ నడిచి, దీవికి అవతలే ఆగుతుంది. పగడపు గట్టులో తవ్విన సందులోంచి చిన్న పడవలు వెళ్ళి మనుషుల్నీ బియ్యం బస్తాల్నీ దించుకొస్తాయి. ఆ ఓడ తప్పితే మళ్ళీ ఓడకి రెండు వారాలు ఆగాలి, అదీ సముద్రం బాగుంటే.

"మరి రాజధాని ఏ దీవిలో ఉంది?" అని అడిగాను. సోషల్ టీచర్ని, నాకు ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

"లేదు. మా దేశపు పెద్ద వంతులవారీగా మారతాడు. ఒకసారి ఈ దీవివాడు, తర్వాత ఆ దీవివాడు. ఆయన ఎక్కడుంటే ప్రభుత్వం అక్కడ."

నేను పడీ పడీ నవ్వి, మా ఆంధ్రప్రదేశ్ భాగోతం చెప్పాను. ఉన్న రాజధాని పక్క రాష్ట్రానికి పోయిందనీ, కొత్తదానికి శంకుస్థాపన చేశారనీ, తర్వాత ఒకటి కాదు మూడన్నారనీ, మళ్ళీ కాదన్నారనీ, పొలాలిచ్చిన రైతులు రోడ్డెక్కారనీ అంతా వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "మూడు ఊళ్ళూ వంతులు వేసుకుంటే సరిపోయేదిగా," అంది. మనవాళ్ళ సంగతి తెలిసినదాన్ని, ఇంకో చేపముక్క నోట్లో పెట్టుకున్నాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది వాళ్ళ చేపల పంపకం. ఊరి కోసం పట్టిన చేపలన్నీ ఒడ్డున కుప్ప పోస్తారు. పంచడానికి పెద్దలుంటారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి దాన్నిబట్టి వాటా వేస్తారు. వేటకి వెళ్ళినవాడికీ, కదల్లేని ముసలమ్మకీ, నిన్న పుట్టిన బిడ్డకీ వాటా ఉంటుంది. దీన్ని ఇనాటి అంటారట. "అందరికీ సమానం అన్నమాట," అన్నాను. "అందరికీ సరిపడా," అని దిద్దింది ఆవిడ.

వాళ్ళ చరిత్ర వింటే మాత్రం ఒళ్ళు మండిపోయింది. నూటయాభై ఏళ్ళు దాటిన మాట. పెరూ నుంచి ఓడలొచ్చి, కొందరికి ఆశపెట్టి, కొందర్ని బలవంతంగా, పనికి ఎక్కించుకుపోయాయి. ఒంట్లో సత్తువున్న మగవాళ్ళు దాదాపు అందరూ పోయారు. తిరిగొచ్చినవాళ్ళు లేరనే చెప్పాలి. తర్వాత బ్రిటిష్‌వాళ్ళు వచ్చి తమ కిందికి తెచ్చుకున్నారు, ఎక్కడో దూరాన ఉన్న వేరే దీవులతో ముడిపెట్టారు, అదీ బరువనిపించి న్యూజిలాండ్ చేతిలో పెట్టారు. వీళ్ళు తమదని చెప్పుకునే నాలుగో దీవి అమెరికా కిందికి పోయింది. ఇన్ని చేతులు మారినా, అక్కడున్న మనిషిని పిలిచి 'నీకిష్టమేనా' అని అడిగినవాడు లేడు. ఈమధ్య కాలంలో, ఐక్యరాజ్యసమితి చూస్తుండగా, స్వపరిపాలన కావాలా అని రెండుసార్లు ఓటు పెట్టారట. రెండుసార్లూ ఎక్కువమంది కావాలనే అన్నారు. మూడింట రెండు వంతులు రావాలన్న నియమం వల్ల రెండుసార్లూ కొద్దిలో తప్పిపోయింది.

"సగం కంటే ఎక్కువమంది కావాలన్నా చాలదా?" అని నేను బల్ల మీద చరిచాను. స్ప్రే కొట్టే ఆవిడ ఉలిక్కిపడింది.

"అవునన్నవాళ్ళూ కాదన్నవాళ్ళూ మర్నాడు ఒకే పడవలో వేటకి వెళ్ళారు. నువ్వెందుకు అరుస్తావు?" అంది నా స్నేహితురాలు.

ఎందుకు అరుస్తానో ఆవిడకి కొద్దిరోజుల్లోనే తెలిసింది. మా స్కూల్లో ఏడాదికోసారి దేశాల పండగ చేస్తారు. ఎవరి దేశానికి వాళ్ళు ఒక టేబుల్ అలంకరించుకోవాలి. ఆవిడ ఇంట్లో కూర్చుని, తెరచాప పడవ బొమ్మ ఉన్న తమ జెండా కుట్టుకొచ్చింది. టేబుల్ దగ్గరికి వెళ్తే అక్కడ అట్టతో చేసిన గొర్రెలు నిలబడి ఉన్నాయి. ఆవిడ జెండా పెట్టడానికి వీల్లేదట, జాబితాలో లేదట. నేను గొర్రెల్ని తీసుకెళ్ళి మెట్ల కింద పెట్టాను. ఎవరో మళ్ళీ తెచ్చి పెట్టారు. ఆ రోజంతా ఆవిడ గొర్రెల పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళకి కొబ్బరి ముక్కలు పంచింది. నేనైతే వాటిని విసిరికొట్టేదాన్ని.

ఇవన్నీ చిన్న కోపాలు. అసలుది ఒక ఆదివారం పొద్దున్న మొదలైంది. నేను వెళ్ళేసరికి ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే ఆవిడని పెంచింది అన్నయ్య. పడవ నడపడం, చేప కోయడం, అక్షరాలు దిద్దడం అన్నీ ఆయనే నేర్పాడు. ఆయనకి లివర్ పూర్తిగా పాడైందనీ, ఇక చేసేదేమీ లేదని సమోవా ఆసుపత్రివాళ్ళు దీవికి పంపేశారనీ కబురు వచ్చింది. చెల్లెల్ని చూడాలని అడుగుతున్నాడట. ఆ శుక్రవారమే సమోవా నుంచి ఓడ ఉంది. మంగళవారం లోపు కువైట్ వదిలితే అందుకోవచ్చు.

ఇప్పుడు ఈ దేశం దాటాలంటే టికెట్ కొనుక్కుంటే చాలదు. ఎగ్జిట్ పర్మిట్ కావాలి. దానికి యాజమాన్యం సరేననాలి. వాళ్ళు సరేననాలంటే ముందు హెచ్‌ఆర్‌లో సెలవు మంజూరవ్వాలి. మా హెచ్‌ఆర్‌లో ఉన్న ఆఫీసరు మా గోదావరి మనిషే. ముప్పై అయిదేళ్ళుంటాయి. నేను కనపడితే తెలుగులో పలకరించకుండా వదలడు. నేను వెంట వెళ్తే పనవుతుందని ఆవిడతో బయల్దేరాను.

"అయ్యో, ఎంత కష్టమండీ పాపం," అన్నాడు ముందు. తర్వాత కంప్యూటర్లోకి చూశాడు. "ఎమర్జెన్సీ లీవు పది రోజులండి. న్యూజిలాండ్ ఎళ్ళి రాడానికి సుబ్బరంగా సరిపోద్దండి మేడం."

"న్యూజిలాండ్ కాదయ్యా. అక్కడ దిగి మళ్ళీ సమోవాకి విమానం ఎక్కాలి. అక్కణ్ణించి ఓడ. తిరుగు ఓడ మళ్ళీ రెండు వారాలకి గానీ ఉండదు. కనీసం నెల ఇవ్వు. జీతం కూడా వద్దంటోంది."

"ఓడేంటండీ, ఈ రోజుల్లో!" అని నవ్వాడు. "ఆవిడ జాయినయినప్పుడు సొంతూరు ఆక్లాండ్ అని రాసిచ్చారండి. ఇదిగో, చూడండి మరి."

రాసిచ్చిన మాట నిజమే. ఆ కంప్యూటర్ విమానాశ్రయం ఉన్న ఊరు కొడితే తప్ప తీసుకోదు. కువైట్‌లో మనవాళ్ళందరం చేసే పనే ఇది. సొంతూరు అడిగితే ఊరి పేరు చెప్పం, విమానం దిగే చోటు చెప్తాం. అన్నమయ్య జిల్లా వాళ్ళు చెన్నై అంటారు, కోనసీమవాళ్ళం హైదరాబాద్ అనో రాజమండ్రి అనో అంటాం. టికెట్ అక్కడిదాకానే ఇస్తారు, ఆ తర్వాత మనం బస్సెక్కామో నడిచామో అడిగేవాడు ఉండడు. అలా సులువు కోసం అన్న మాట ఒకరోజు మెడకి చుట్టుకుంటుందని ఎవరం అనుకోం.

"అది మార్చు. టోకెలావు అని కొట్టు," అన్నాను.

కొట్టాడు. "పేరు తీసుకుందండి. క్యాపిటల్ సిటీ అడుగుతోందండి. రాజధాని ఏదండి?"

"లేదు."

"రాజధాని లేపోతే దేశం ఎలాగవుద్దండి మేడం?"

నా నోరు కట్టు తప్పింది. "మన రాష్ట్రానికి రాజధాని ఏదంటే ఇన్నేళ్ళూ నువ్వేం చెప్పావయ్యా? పిల్లలకి పరీక్షలో ఏం రాయించాలో తెలియక సోషల్ టీచర్లం తలలు పట్టుకున్నాం. అంతమాత్రాన మన ఊళ్ళు ఊళ్ళు కాకుండా పోయాయా? మన ఇళ్ళల్లో చావులు చావులు కాకుండా పోయాయా?"

"సిస్టం ఒప్పుకోట్లేదండి. నేనేం చేయనండి," అని తల దించుకున్నాడు.

ఆవిడకి తెలుగు రాదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమంటున్నాడు?" అని అడిగింది. నీకు దేశం లేదంటున్నాడని నేనెలా చెప్పను? ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్దాం పద అన్నాను.

ప్రిన్సిపాల్ సోమవారం మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. ఆవిడ యూరప్ మనిషి. చాలా మెత్తగా మాట్లాడుతుంది. టిష్యూ పెట్టె ముందుకి జరిపి, నీళ్ళు తెప్పించి, "నాకు ఎంతో బాధగా ఉంది. కానీ ఒకరికి ఎక్కువిస్తే రేపు అందరూ అడుగుతారు. మా దగ్గర అందరూ సమానం," అంది.

ఆహా, ఏం సమానం! హైదరాబాద్ వెళ్ళే టీచరుకీ పది రోజులే, కైరో వెళ్ళే టీచరుకీ పది రోజులే. వాళ్ళు ఇక్కడ సాయంత్రం విమానమెక్కితే తెల్లారేసరికి ఇంటి గుమ్మంలో ఉంటారు. మహాసముద్రం మధ్యకి పోవాల్సిన మనిషికీ అవే పది రోజులిచ్చి, దానికి న్యాయమని పేరు పెట్టారు. నా స్నేహితురాలి క్లాసులు నేను చూస్తానన్నాను. టికెట్ తనే కొనుక్కుంటానని ఆవిడంది. తిరిగొచ్చాక వేసవి సెలవుల్లో పనిచేస్తానని కూడా అంది. అన్నీ విని, ఇది కమిటీలో పెట్టాల్సిన విషయమనీ, కమిటీ గురువారం కూర్చుంటుందనీ, అది తేలేదాకా ఆ పది రోజులు కూడా ఇవ్వడానికి వీల్లేదనీ చెప్పింది ప్రిన్సిపాల్. చేపలు పంచే ఆ దీవి ముసలాళ్ళకున్న బుద్ధిలో వీసం కూడా మీ కమిటీకి లేదని అన్నాను. తెలుగులో అన్నాను, నా ఉద్యోగం కూడా ఉండాలి కాబట్టి.

మంగళవారం వెళ్ళిపోయింది. గురువారం కమిటీ కూర్చుని పది రోజులు మంజూరు చేసింది. చాలవని మేము మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్న ఆ పది రోజులే. వాటిని మంజూరు చేయడానికి అయిదుగురు మనుషులూ ఒక పెట్టె డోనట్లూ కావాల్సొచ్చాయి. శుక్రవారం సమోవాలో ఓడ ఆవిడ లేకుండా కదిలింది.

విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. అన్నయ్య కోసం కొన్న ఖర్జూరం డబ్బా చేతిసంచిలో పెట్టుకుంది. తినగలిగే స్థితిలో లేడని తెలుసు, అయినా కొంది. "ఆలస్యమైతే ఉద్యోగం తీసేస్తారు," అన్నాను.

"తీసెయ్యనీ. అన్నయ్య ఒడ్డు వైపు చూస్తూ ఉంటాడు," అంది.

సమోవాలో చుట్టాలింట్లో తర్వాతి ఓడ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. రోజూ అన్నయ్యతో ఫోన్లో మాట్లాడేది. రానురానూ ఆయన మాట్లాడడం మానేసి, ఊరికే వింటున్నాడని చెప్పింది. ఆ తర్వాత సముద్రం బాగాలేదని ఓడని ఆపారు. చివరికి ఓడ ఎక్కానని ఒక మెసేజ్ పెట్టింది. తర్వాత ఏమీ లేదు. నేను పాఠం చెప్తూ కూడా ఫోన్ చూసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆవిడ గొంతు వచ్చింది. గాలి హోరులో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. "ఓడ ఆగేసరికి ఒడ్డున జనం ఉన్నారు. ఎప్పుడూ చేతులూపేవాళ్ళు ఊపలేదు. పడవ తీసుకొచ్చినవాడు నా మొహం చూడలేదు. అన్నయ్య నిన్న సాయంత్రం పోయాడు. ఈ వేడికి ఉంచలేక పొద్దున్నే పూడ్చేశారు. వారం నుంచీ ఓడ వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడట."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ మంగళవారం ఆవిణ్ణి వదిలి ఉంటే, అన్నయ్య పక్కన కూర్చోవడానికి ఆవిడకి ఎన్నో రోజులు ఉండేవి. మందు ఇమ్మనో, డబ్బు ఇమ్మనో, ప్రాణం పొయ్యమనో మేము ఎవర్నీ అడగలేదు. ఒక బటన్ నొక్కమన్నాం.

ఆవిడ ఇంకా తిరుగు ఓడ కోసం దీవిలోనే ఉండగా, ఒకరోజు మా హెచ్‌ఆర్ ఆఫీసరు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. పది రోజులూ ఎప్పుడో దాటిపోయాయి.

"మేడం, ఆవిడ అన్నయ్యగారి డెత్ సర్టిఫికెట్ పంపారండి. మరేమో దాని మీద టోకెలావు అని ఉందండి. న్యూజిలాండ్‌ది కావాలంటన్నారండి పైన. లేపోతే చెప్పకుండా మానేసినట్టు లెక్కండి. మీరోసారి ఆవిడకి చెప్పండి."

లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. "ఆయన చచ్చిపోయింది టోకెలావులో. పూడ్చింది టోకెలావులో. చచ్చిపోయాడని న్యూజిలాండ్‌వాడు వచ్చి చెప్తే గానీ నమ్మరా మీరు? ఇంటికి చేరాల్సినవాడివి నీళ్ళకి ఇవతల నిలబడిపోవడం అంటే ఏంటో నీకు తెలుసా? కంప్యూటర్ ముందు కూర్చుని ఓడేంటని నవ్వినవాడివి, నీకేం తెలుసయ్యా?"

గదిలో అందరూ మావైపే చూస్తున్నారు.

"తెలుసండి," అన్నాడు, నాకొక్కదానికే వినపడేట్టు. "మాది ఏటి మధ్య లంక ఊరండి. మా నాన్న పోయినప్పుడు గోదారి పొంగి, ఏరు దాటించే పంటు ఆపేశారండి. నాకిక్కడ వారమే ఇచ్చారు. ఏటిగట్టు మీదే కూచున్నానండి. అవతల మెరక మీద దహనం చేస్తంటే పొగ కనపడిందండి. నీళ్ళు తీసేలోగా నా సెలవైపోయింది. ఊళ్ళో అడుగెట్టకుండానే తిరిగొచ్చేశానండి."

ఆ మాటలకి నా కోపం కరిగిపోవాలి. కరగలేదు, ఇంకా పెరిగింది. తెలియనివాడు చేసి ఉంటే తెలియక చేశాడని సరిపెట్టుకునేదాన్ని.

"ఇంత పడ్డవాడివి, ఆ మనిషి నీ ఎదురుగా కూర్చుని బతిమాలుతుంటే పది రోజులే అన్నావా?"

అతను తలెత్తి నన్ను సూటిగా చూశాడు. "నాకెవరిచ్చారండీ?" అన్నాడు.

"నీకివ్వలేదు కాబట్టే ఆవిడకి ఇవ్వాల్సింది," అన్నాను.

"ఆయ్," అన్నాడు, మా గోదావరివాళ్ళం ఎదుటివాళ్ళ మాటకి సరేననడానికి ఎప్పుడూ అనేట్టే. పడిన కుర్చీని లేపి నిలబెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు మెయిల్ వెళ్ళింది. కింద అతని పేరే ఉంది.